రుడాల్ఫ్ డీజిల్

కృష్ణానదికి ఉత్తరమున నున్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు మెట్టసీమలు. దిగువనున్న డెల్టాభూములకువలె వీనికి కాలువనీరు మొదటినుండియు లభింపలేదు. నాగార్జునసాగరు ఎడమకాలువ వచ్చుటకు పూర్వము ఇచటి రైతు వానను, చెరువును, బావిని నమ్ముకొని పైరు పండించుకొనెడివాడు. బావినీటిని ఎద్దులను కట్టి మోటతో తోడుట మనుష్యునకును పశువునకును గూడ ప్రయాసకరమైన పని. అట్టి కాలమున బావిగట్టులకు ఆయిలింజను వచ్చి చేరెను. ఎద్దుల జత దినమంతయు శ్రమించి తోడు నీటిని అది కొలది గంటలలోనే తోడి కాలువలోనికి విడిచెడిది.

ఆ యింజనును శ్రద్ధగా చూచినవారికి ఒక వింత కనబడెడిది. పంపు పోయు నీటిలో కొంతభాగము సన్నని గొట్టముగుండ ఇంజనులోనికి పోయి, వేడెక్కి, వేరొక గొట్టముగుండ వెలుపలికి వచ్చుచుండెడిది. ఇంజను నూనెతో నడచును గదా, దానికి నీరెందులకు? ఆ నీటి గొట్టము పూడిపోయినచో రైతు పరుగెత్తుకొనివచ్చి ఇంజను నేల ఆపివేయును? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనవలెనన్నచో ఆ యింజనును కనుగొనిన మహాశిల్పి చరిత్రమును చదువవలెను. డీజిల్ అనునది నేడు లారీలకును, పంపులకును పోయు నూనెపేరుగా పల్లెపల్లెకును తెలియును. నిజమునకది ఒక మనుష్యుని పేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. అతని తలిదండ్రులు జర్మను జాతీయులు. తండ్రియగు థియొడోర్ ఆగ్స్‌బర్గు పట్టణమునుండి పొట్టకూటికై పారిస్ చేరి, తోలుసామానులు చేసి అమ్ముకొని జీవించుచుండెను. తండ్రి తయారుచేసిన వస్తువులను తోపుడుబండిపై నుంచుకొని ఇంటింటికిని చేర్చుట బాలుడగు రుడాల్ఫు పని. పనిలేని వేళల నతడు తమ యింటికి సమీపముననే యున్న శిల్పయంత్ర ప్రదర్శనశాలకు పోయి గంటలకొలది నిలిచియుండెడివాడు. ఆవిరిశక్తితో నడచిన మొదటి బండ్లలో నొకటియగు క్యూన్యో శకటము అచట నుంచబడియుండెను. ఆ బండిని, తక్కిన యంత్రములను చూచి బాలుడు వాని బొమ్మలను కాగితముపై గీసికొనుచుండెను.

1870వ సంవత్సరమున ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. పారిసులోని జర్మనులందఱును నగరము విడిచిపోవలసివచ్చెను. డీజిల్ కుటుంబము ఉన్న సామానును విడిచిపెట్టి లండను నగరము చేరెను. అచట వారికి పూటగడచుటయే కష్టమయ్యెను. అందుచే తలిదండ్రులు పన్నెండేండ్ల రుడాల్ఫును ఒంటరిగా జర్మనీకి, ఆగ్స్‌బర్గునందలి బంధువుల యింటికి పంపివేసిరి. యుద్ధకాలమగుటచే రైళ్లు క్రమముగా నడచుటలేదు. చలికాలపు ముంగిట ఆ బాలుడు ఎన్నియో అవస్థలుపడి ఆ దూరప్రయాణమును పూర్తిచేసెను.

ఆగ్స్‌బర్గులో అతనికి ఆశ్రయమిచ్చిన క్రిస్టఫ్ బార్నికెల్ అనునతడు అచటి వృత్తివిద్యాలయమున గణితోపాధ్యాయుడు. ఆ యింటిలో బాలునకు అన్నముతోపాటు విద్యయు దొరకెను. పదునాలుగేండ్ల వయసునందే తాను ఇంజనీరు కావలెనని నిశ్చయించుకొని తలిదండ్రులకు లేఖ వ్రాసెను. బీదవారగుటచే వారు కొడుకు త్వరగా పనిలో చేరి నాలుగు రాళ్లు సంపాదింపవలెనని కోరిరి. కాని రుడాల్ఫు తరగతిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడై విద్యార్థివేతనమును సంపాదించుకొని, 1875వ సంవత్సరమున మ్యూనిచ్ నగరమునందలి పాలిటెక్నిక్ విద్యాలయమున ప్రవేశించెను. తలిదండ్రులపై భారము మోపక, ఇతరులకు పాఠములు చెప్పుచు తన ఖర్చులను తానే గడపుకొనెను.

ఆ విద్యాలయమున ఉష్ణశాస్త్రమును బోధించినవాడు కార్ల్ ఫాన్ లిండె. మంచును తయారుచేయు యంత్రములను నిర్మించి అతడు ప్రఖ్యాతుడయ్యెను. ఒకనాడాయన పాఠము చెప్పుచు ఆవిరియంత్రము ఎంత వ్యర్థమైనదో వివరించెను. బొగ్గును కాల్చగా పుట్టిన వేడిమిలో పదవవంతైనను ఆవిరియంత్రము పనిగా మార్చలేదు. తక్కినదంతయు పొగగొట్టముగుండను, ఆవిరిగను వృథాయగును. వేడిమిని పనిగా మార్చుటకు ప్రకృతి నియమించిన అవధి యింతకంటె చాల యెక్కువయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు కార్నో 1824వ సంవత్సరముననే సిద్ధాంతీకరించియుండెను. ఈ మాటలు విన్నంతనే రుడాల్ఫు తన వ్రాతపుస్తకపు అంచున ఒక గుర్తు వ్రాసికొనెను. ఆ అవధికి చేరువగా పోగల యంత్రమును నిర్మించుట సాధ్యమా కాదా యని పరిశీలింపవలెనని దాని భావము. ఇరువదియేండ్ల యువకుడు వ్రాసికొనిన ఆ చిన్న గుర్తే అతని జీవితమునకు దారి చూపెను.

1879వ సంవత్సరమున చివరి పరీక్షల సమయమునకు రుడాల్ఫునకు సన్నిపాతజ్వరము వచ్చెను. పరీక్ష తప్పిపోయెను. మరల పరీక్ష జరుగు వరకు కాలమును వ్యర్థము చేయక, స్విట్జర్లాండు దేశమున వింటర్టూరునందలి సుల్జరు సోదరుల యంత్రకర్మాగారమున చేరి, చేతికి మసి అంటించుకొని పని నేర్చుకొనెను. ఈ కర్మాగారము పేరు మనకు మరల తటస్థించును. 1880వ సంవత్సరము ఆరంభమున పరీక్షకు కూర్చుండి అత్యున్నతశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

పిమ్మట గురువగు లిండె అతనిని పారిసునందలి తన మంచుకర్మాగారమునకు పంపెను. ఏడాదిలోనే రుడాల్ఫు దానికి అధికారియయ్యెను. 1883వ సంవత్సరమున మార్తా ఫ్లాషె యను నామెను వివాహమాడెను. వారికి మువ్వురు బిడ్డలు కలిగిరి. పగలు మంచు తయారుచేయు పని, రాత్రులు తన కలలోని యంత్రమును గూర్చిన లెక్కలు. మొదట నీటియావిరికి బదులు అమ్మోనియా ఆవిరితో యంత్రము నడపవలెనని కొన్ని సంవత్సరములు శ్రమించెను. అది ఫలింపలేదు. 1890వ సంవత్సరమున కుటుంబముతో బెర్లిను నగరము చేరెను. అచట అతని ఆలోచన వేరొక మార్గమును పట్టెను.

ఆ మార్గమేదియో తెలిసికొందము. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెఱుగుదురు. గాలిని చిన్నచోటిలోనికి అదిమిన కొలది దాని వేడిమి హెచ్చును. మిక్కిలి గట్టిగా అదిమినచో ఆ గాలి నిప్పువలె వేడెక్కును. అందులోనికి నూనెతుంపరను చిమ్మినచో అగ్గిపుల్ల అవసరము లేకయే అది మండును. మండిన వాయువు వ్యాకోచించి పిస్టనును నెట్టును. పిస్టను చక్రమును త్రిప్పును. గాలిని ఎంత గట్టిగా అదిమిన అంత ఎక్కువ పని లభించును. ఇదియే డీజిలు భావన. ఈ పద్ధతిపై 1892వ సంవత్సరమున అతడు పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. మఱుచటి యేడు అది లభించెను. ఆ సంవత్సరముననే తన సిద్ధాంతమునంతయు ఒక గ్రంథముగా ప్రకటించెను.

ఆ సిద్ధాంతమున ఒక విశేషము కలదు. నూనెను కొంచెము కొంచెముగా చిమ్మినచో, అది మండుటవలన పుట్టిన వేడిమి అప్పటికప్పుడే పనిగా మారిపోవుననియు, కావున సిలిండరు మితిమీరి వేడెక్కదనియు డీజిలు లెక్కకట్టెను. అప్పటికే వాడుకలో నున్న గ్యాసు ఇంజన్లకు సిలిండరు చుట్టును నీటితొడుగు ఉండెడిది. ఆ నీరు తీసికొనిపోవు వేడిమి యంతయు యజమాని డబ్బిచ్చి కొనిన ఇంధనమునుండి పుట్టినదే గదా! వేడిమిని దొంగిలించు ఆ నీరు తన యంత్రమునకు అక్కరలేదని అతడు నమ్మెను. కావున అతని మొదటి యంత్రమునకు నీటితొడుగును అమర్పలేదు.

యంత్రమును కాగితముపై గీయుట వేఱు, ఇనుముతో పోతపోయుట వేఱు. గాలిని 250 రెట్లు వాతావరణపీడనము వరకు అదుమవలెనని డీజిలు మొదట చెప్పగా పెద్ద పెద్ద ఇంజనీర్లు నవ్విరి. అట్టి పీడనమును ఓర్చు సిలిండరు లోకమున లేదనిరి. డీజిలు తన లెక్కలను సవరించుకొని పీడనమును తగ్గించెను. ఆగ్స్‌బర్గు యంత్రకర్మాగారమునకు అధిపతియగు హైన్రిక్ బుజ్ ఆలోచించి, ప్రయోగమునకు సమ్మతించెను. ఉక్కు పరిశ్రమలో పేరెన్నికగన్న క్రుప్పు సంస్థయు ధనసహాయము చేయ నంగీకరించెను. ఆశ్రితుడైన బాలుడుగా తాను చేరిన ఊరికే డీజిలు ఇట్లు ఆవిష్కర్తగా తిరిగివచ్చెను.

1893వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మొదటి పరీక్ష జరిగెను. యంత్రమును కర్మాగారపు పట్టాతో త్రిప్పి, సిలిండరులోని గాలిని అదిమి, ఇంధనమును చిమ్మిరి. వెంటనే పెనుచప్పుడయ్యెను. పీడనమును కొలుచుటకు అమర్చిన పరికరము పగిలి ముక్కలు ఎగిరిపడెను. అదృష్టవశమున ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. యంత్రము తనంతట తాను నడువలేదు. అయినను డీజిలు నిరాశపడలేదు. నిప్పు లేకయే అదిమిన గాలిలో ఇంధనము మండునని ఆనాడు ఋజువయ్యెను. అతనికి కావలసినదియు మొదట అదియే.

ఆఱునెలలు మార్పులు చేసిన పిదప, 1894వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన యంత్రము మొట్టమొదటిసారి స్వశక్తితో తిరిగెను. నిమిషమునకు 88 చుట్లచొప్పున సుమారొక్క నిమిషము మాత్రమే అది నడచెను. యంత్రమును త్రిప్పుచున్న పట్టా ఒక్కసారిగా వదులగుటను చూచి, ఇప్పుడు యంత్రమే పట్టాను లాగుచున్నదని దగ్గరనున్న పనివాడు గ్రహించెనట. అతడు మాటాడక తలపైని టోపీని తీసి వందనము చేసెనని డీజిలు చరిత్రకారులు వ్రాసిరి.

కాని ఒక నిమిషము నడచుట వేఱు, దినమంతయు నడచుట వేఱు. ఇచట వేడిమి అడ్డు వచ్చెను. సిలిండరులో మండు వాయువు వేడిమి ఇనుము కరగు వేడిమికంటె ఎక్కువ. అది క్షణకాలమే యుండుటచే లోహము కరగదు. అయినను ఆ క్షణము మరల మరల వచ్చుచుండుటచే సిలిండరును, పిస్టనును ఎడతెగక వేడెక్కుచుండును. వేడెక్కిన పిస్టను ఉబ్బును. పిస్టనునకును సిలిండరునకును నడుమనుండు పలుచని నూనెపొర మాడిపోవును. అపుడు లోహము లోహమును రాచికొని, పిస్టను సిలిండరును పట్టివేయును. యంత్రము కదలక మెదలక నిలిచిపోవును. నీరు ఆగినచో రైతు పరుగెత్తుకొని వచ్చి ఇంజను నాపుట ఇందులకే.

డీజిలు కోరినట్లు వేడిమి అంతయు అప్పటికప్పుడే పనిగా మారలేదు. ప్రయోగము అతని లెక్కను కాదనెను. తన గ్రంథముననే ప్రకటించిన మాటను విడిచిపెట్టుట పండితునకు సులభముకాదు. డీజిలు విడిచిపెట్టెను. తరువాత నిర్మించిన సిలిండరునకు నీటితొడుగు అమర్చిరి. కొంత వేడిమిని నీటికి అర్పించిననే గాని తక్కిన వేడిమి పని చేయజాలదని అతడు నేర్చుకొనెను. ఇంధనమును చిమ్ము విధానమును, కవాటములను, పిస్టను పట్టీలను మరల మరల మార్చిరి. ఇట్లు నాలుగేండ్లు గడచెను.

1897వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన మ్యూనిచ్ విద్యాలయపు ఆచార్యుడగు ష్రోటరు వచ్చి కొత్తయంత్రమును పరీక్షించెను. అది ఒకే సిలిండరు గల యంత్రము. పిస్టను అడ్డుకొలత 250 మిల్లీమీటర్లు, అది పైకిని క్రిందికిని నడచు దూరము 400 మిల్లీమీటర్లు. నిమిషమునకు సుమారు 154 చుట్లు తిరిగి దాదాపు 18 గుఱ్ఱపుశక్తుల బలము నిచ్చెను. ఇంధనపు వేడిమిలో నూటికి 26 పాళ్లకు పైగా పనిగా మారినట్లు లెక్క తేలెను. ఆనాటి మంచి ఆవిరియంత్రములకిది రెట్టింపునకు మించిన ఫలము. విద్యార్థిగా పుస్తకపు అంచున వ్రాసికొనిన ప్రశ్నకు పందొమ్మిది సంవత్సరములకు సమాధానము లభించెను. ఆ యంత్రమును మ్యూనిచ్ నగరపు జర్మను ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును.

దానితో డీజిలు పేరు దేశదేశములకు ప్రాకెను. అమెరికాలో ఆ యంత్రములు నిర్మించు హక్కునకై అడాల్ఫస్ బుష్ అను వ్యాపారి పదిలక్షల మార్కులు చెల్లించెను. చేతిలో పైకము లేక పెరిగిన బాలుడు అనతికాలముననే ధనవంతుడయ్యెను. కాని యంత్రము ఇంకను పూర్తిగా పండలేదు. కెంప్టెన్ పట్టణమున ఒక అగ్గిపుల్లల కర్మాగారమునకు అమ్మిన మొదటి ఇంజను తఱచుగా చెడిపోవుచుండెను. కొన్నవారు నిష్ఠురమాడిరి. ఆవిష్కారము నీది కాదని కొందఱు వ్యాజ్యములు వేసిరి. నూనెతో నడచు వేరొకవిధమైన ఇంజనును అంతకుముందే ఇంగ్లండులో ఆక్రాయిడ్ స్టూవర్టు నిర్మించియుండుట నిజమే. కాని అదిమిన గాలి వేడిమిచేతనే ఇంధనమును మండించు పూర్ణయంత్రము డీజిలుదే. ఈ చిక్కులవలన అతని ఆరోగ్యము చెడి, కొన్ని నెలలు వైద్యాలయమున విశ్రాంతి తీసికొనవలసివచ్చెను.

1900వ సంవత్సరమున పారిసున జరిగిన ప్రపంచప్రదర్శనమున డీజిలు యంత్రమునకు ప్రథమబహుమానము లభించెను. ముప్పదియేండ్లనాడు శత్రుదేశీయుడని వెళ్లగొట్టిన నగరమే అతనిని సత్కరించెను. ఆ ప్రదర్శనమునందు ఒక చిన్న ఇంజనును వేరుసెనగనూనెతో నడపి చూపిరి. తమ వలసరాజ్యములలో వేరుసెనగ విరివిగా పండుచుండుటచే ఫ్రెంచి ప్రభుత్వము అట్లు కోరెనట. పొలములో పండిన గింజతో పొలమునకు నీరు పెట్టవచ్చునను ఆలోచన డీజిలుకు నచ్చెను. భూమిలోని బొగ్గును, నూనెయు తరిగిపోయిన పిమ్మటగూడ సూర్యుని వేడిమితో పండు పంటలనుండి శక్తి లభించునని అతడు 1912వ సంవత్సరమున ఒక ఉపన్యాసమున సూచించెను. వేరుసెనగను పండించు ఆంధ్రులకు ఈ విషయము ఆసక్తిని కలిగించును.

ఇంతలో ఓడలకును డీజిలు యంత్రమును అమర్చవలెనను యత్నము మొదలయ్యెను. ఇక్కడ వేడిమిసమస్య మరల తలయెత్తెను. డీజిలు నిర్మించినది నాలుగు ఘాతముల యంత్రము. పిస్టను ఒకసారి దిగి గాలిని పీల్చును, రెండవసారి ఎక్కి దానిని అదుమును, మూడవసారి మంటచే నెట్టబడి దిగును, నాలుగవసారి ఎక్కి పొగను వెడలగొట్టును. అనగా చక్రము రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్కసారి మాత్రమే మంట పుట్టును. స్కాట్లండు దేశీయుడగు డుగాల్డ్ క్లర్కు 1881వ సంవత్సరముననే గ్యాసుయంత్రమునందు రెండు ఘాతముల పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇందులో చక్రము తిరిగిన ప్రతిచుట్టునకును మంట పుట్టును. అదే పరిమాణముగల యంత్రము మిక్కిలి ఎక్కువ బలమునిచ్చును. ఓడలకు కావలసినది అదియే.

కాని బలము హెచ్చినచో వేడిమియు హెచ్చును. నాలుగు ఘాతముల యంత్రమునందు పిస్టనునకు ఒక చుట్టు మంట, ఒక చుట్టు విశ్రాంతి. ఆ విశ్రాంతిలో చల్లనిగాలి దాని తలను తాకును. రెండు ఘాతముల యంత్రమున ఆ విశ్రాంతి లేదు. ఇంకొక కష్టము కూడ కలదు. సిలిండరు కదలదు కావున దాని చుట్టును నీటితొడుగు కట్టవచ్చును. పిస్టను ఎడతెగక కదలునది. దానికి నీటితొడుగు కట్టుట యెట్లు? చిన్న పిస్టనులో తలకు తగిలిన వేడిమి అంచులకు ప్రాకి, పట్టీలగుండ సిలిండరు గోడను చేరి, అచటి నీటిలో కలిసిపోవును. పిస్టను పెద్దదైన కొలది నడిమినుండి అంచునకు దూరము పెరుగును. వేడిమి పోవు దారి దీర్ఘమగును. నడిమిభాగము కాలి బీటలు వారును. 1899వ సంవత్సరమున హ్యూగో గుల్డ్‌నర్ చేసిన రెండు ఘాతముల డీజిలుయంత్రము సఫలము కాలేదు.

తుదకు ఈ విషయమున విజయము సాధించినది డీజిలు యువకుడుగా పని నేర్చుకొనిన సుల్జరు కర్మాగారమే. వారు 1905వ సంవత్సరమున ఓడకు అనువగునట్లు ముందునకును వెనుకకును తిరుగగల రెండు ఘాతముల డీజిలుయంత్రమును నిర్మించిరి. కాలక్రమమున పెద్దయంత్రముల పిస్టను లోపలిభాగమును డొల్లగా చేసి, అందులోనికి నీటినిగాని నూనెనుగాని పంపు పద్ధతులు ఏర్పడెను. ఒకదానిలో నొకటి జారెడి గొట్టములగుండ, పిస్టను ఎక్కినను దిగినను తెగక ద్రవము లోనికి పోయి వచ్చును. వేరొక పద్ధతిలో పిస్టను కాడయే గొట్టమై నూనెను తలవరకు చేర్చును. పిస్టను ఊగుటచే ఆ నూనె మజ్జిగ చిలికినట్లు పైకెగసి, వేడిగానున్న లోపలిభాగమునంతయు తడిపి, వేడిమిని తీసికొని క్రిందికి వచ్చును. వేడిమిని తీసికొనిపోవుటలో నూనెకంటె నీరు మేలైనది. కాని నీరు కారినచో దిగువనున్న నూనెతో కలిసి యంత్రమునకు చెఱుపు చేయును. అందుచే నూనెతో చల్లబఱచుటయే పిమ్మట ఎక్కువగా వ్యాపించెను.

చిన్న రెండు ఘాతముల యంత్రములలో ఈ పని వేరుగా జరుగును. పూర్వము మన వీథులలో తిరిగిన స్కూటర్లలోను, మోపెడ్లలోను ఇట్టివే యుండెడివి. వానిలో పెట్రోలును నూనెయు కలిసిన చల్లని వాయువు మొదట పిస్టను క్రిందిభాగమునకు వచ్చి, దానిని తాకి చల్లబఱచి, తరువాతనే పైకి పోయి మండును. సిలిండరు చుట్టునున్న రెక్కలవంటి ఇనుపపొరలు మిగిలిన వేడిమిని గాలికి వదలును. యంత్రము చిన్నదైనను పెద్దదైనను సూత్రమొక్కటే. వేడిమికి దారి చూపవలెను. దారి మూసిపోయినచో అది యంత్రమునే దహించును.

1912వ సంవత్సరమున డెన్మార్కు దేశపు సెలాండియా యను డీజిలు ఓడ సముద్రములు దాటి బ్యాంకాకు చేరివచ్చెను. అదే యేడు సుల్జరు వారి రెండు ఘాతముల యంత్రములతో మోంటె పెనెడో యను ఓడయు సముద్రమునకు బయలుదేరెను. బొగ్గులేక, పొగగొట్టములనుండి మసిలేక నడచు ఓడలను జనులు ఆశ్చర్యముతో చూచిరి. డీజిలు కల పండినట్లే కనబడెను.

కాని యంత్రము వృద్ధిపొందిన కాలముననే దాని కర్త క్షీణించుచుండెను. పేటెంటు గడువు ముగిసిపోయెను. నూనెగనులలోను, భూములలోను పెట్టిన ధనము నష్టమయ్యెను. కార్మికులు పరస్పర సహకారముతో కర్మాగారములకు స్వాములు కావలెనని బోధించుచు 1903వ సంవత్సరమున అతడు ప్రకటించిన గ్రంథమును జనులు పట్టించుకొనలేదు. చిన్నచిన్న వృత్తిపనివారికి సొంతయంత్రము లభింపవలెననునది డీజిలు తొలియాశ. పెద్ద కర్మాగారములును, యుద్ధనౌకలును దానిని ముందుగా అందుకొనెను. తలనొప్పియు, నిద్రలేమియు అతనిని బాధించుచుండెను. బయట రాజవైభవము, లోపల ఋణభారము.

1913వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున డీజిలు ఇద్దఱు మిత్రులతో కలిసి బెల్జియము దేశమునందలి ఆంట్వర్పు రేవులో డ్రెస్డెన్ అను ఓడనెక్కి ఇంగ్లండునకు బయలుదేరెను. రాత్రి భోజనమైన పిదప మిత్రులతో కొంతసేపు మాటాడి, ఉదయమే తనను లేపుమని చెప్పి తన గదికి పోయెను. తెల్లవారునప్పటికి అతడు లేడు. పడక నలుగలేదు. ఓడ వెనుకభాగమున అతని టోపీయు, పైకోటును కనబడెను. పది దినములకు ఒక డచ్చి నావవారు సముద్రముపై తేలుచున్న శరీరమును చూచి, అందలి వస్తువులను మాత్రము తీసి శరీరమును సముద్రమునకే అప్పగించిరి. ఆ వస్తువులు తండ్రివేయని కుమారుడు యూజెన్ గుర్తించెను. ఆ రాత్రి ఏమి జరిగినదో సముద్రమునకే యెఱుక. అప్పులబాధ భరింపలేక అతడు ప్రాణత్యాగము చేసికొనెనని పలువురు భావించిరి. అప్పటి కతని వయసు యేబదియైదేండ్లు.

డీజిలు పోయినను అతని యంత్రము నిలిచెను. ఓడలను, రైళ్లను, లారీలను, ట్రాక్టర్లను అది నడపెను. మనదేశమున కిర్లోస్కరు ఆయిలింజన్ల సంస్థ 1946వ సంవత్సరమున పూనా నగరమున స్థాపింపబడెను. వారణాసి కర్మాగారమునుండి మొదటి డీజిలు రైలింజను 1964వ సంవత్సరమున వెలువడెను. 2006వ సంవత్సరమున ఎమ్మా మర్స్క్ అను ఓడకు అమర్చిన రెండు ఘాతముల యంత్రము సుల్జరు వంశమునకు చెందినదే. పదునాలుగు సిలిండర్లతో అది లక్ష గుఱ్ఱపుశక్తులకు మించిన బలమునిచ్చును. దాని పిస్టను అడ్డుకొలత 960 మిల్లీమీటర్లు. అంతటి పిస్టను నిలుచుట దాని కడుపులో ఎడతెగక చిమ్ముచున్న నూనెవలననే. అట్టి మహాయంత్రములలో ఇంధనపు వేడిమిలో సగము వరకు పనిగా మారుచున్నది.

ఈ యంత్రమువలన కీడు లేకపోలేదు. దాని పొగ ఊపిరికి చెఱుపు చేయును, భూగోళపు వేడిమిని హెచ్చించును. కృష్ణామండలపు మెట్టయూళ్లలో విద్యుత్తు వచ్చిన పిదప బావులయొద్ద ఆయిలింజన్లు చాలవరకు తగ్గి, మోటార్లు వాని స్థానమును పొందెను. 2022వ సంవత్సరమున జగ్గయ్యపేట, నందిగామలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరెను. హైదరాబాదునుండి విజయవాడకు ఆ ప్రాంతముమీదుగా పోవు రాజమార్గమున పగలును రాత్రియు సాగిపోవు లారీలలో మాత్రము డీజిలు యంత్రము ఇంకను పని చేయుచునే యున్నది.

డీజిలు జీవితమునుండి విద్యార్థులు గ్రహింపవలసినది రెండు విషయములు. పేదరికమును, పరదేశవాసమును లెక్కింపక ఒక్క ప్రశ్నను పందొమ్మిది సంవత్సరములు విడువకుండుట మొదటిది. తాను వ్రాసిన లెక్కను ప్రయోగము కాదన్నపుడు అభిమానపడక ప్రయోగమునే నమ్ముట రెండవది. మొదటి గుణము లేనిచో యంత్రము పుట్టియుండదు. రెండవ గుణము లేనిచో ఆ యంత్రము ఒక్క నిమిషమునకు మించి నడచియుండదు.